ఒక అడుగు తగ్గిన రోడ్డు

మున్సిపల్ ఆఫీసులో ఏం చేసేవారని ఎవరైనా అడిగితే రోడ్లు కొలిచేవాణ్నని చెబుతాను. వినేవాళ్లకు అదేదో చిన్న పనిలా తోస్తుంది. టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌ని అని చెబితే మాత్రం కుర్చీ లాగి కూర్చోబెడతారు. నిజానికి రెండూ ఒకటే. ఇల్లు కట్టుకోవడానికి ఒకరు అర్జీ పెట్టుకుంటారు. మేం వెళ్లి స్థలం చూసి, దాని ముందున్న రోడ్డు వెడల్పు కొలిచి, అక్కడ ఏం కట్టవచ్చో ఏం కట్టకూడదో రాస్తాం. రోడ్డు చాలకపోతే పర్మిషన్ రాదు. రానివాళ్లు ముప్పై రోజుల్లోగా హెడ్డాఫీసులో అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలు తిరిగి మా దగ్గరికే వస్తుంది, ఒక్కో పేరాకు జవాబు రాసి పంపమని. అంటే కాదన్నవాడే ఎందుకు కాదన్నాడో సంజాయిషీ రాసుకోవాలి. వాటిని రిమార్కులంటారు.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. ఉద్యోగం చేసింది దాదాపు అంతా దిల్‌సుఖ్‌నగర్, చంపాపేట్, కర్మన్‌ఘాట్, ఎల్బీనగర్‌ల మధ్య. ఈమధ్య మా పక్క ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి ఇదే ఉద్యోగంలో చేరింది. "అంకుల్, మొదట ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. రూల్సు పుస్తకం ఎలాగూ చదువుతుంది. దాంట్లో లేనివి నాలుగు ముక్కలు ఆమె కోసం రాస్తున్నాను. ప్రమోషన్లూ సన్మానాలూ ఇందులో ఉండవు. ఆ మాటకొస్తే అవి పెద్దగా లేవు కూడా.

అప్పీలు అనే కాగితం

అప్పీళ్లు రాసేవాళ్లు చాలావరకు తమ కష్టం రాస్తారు. ఉద్యోగం ఊడింది, అద్దె ఇల్లు చాలడం లేదు, పిల్లలు ఎదిగారు. అన్నీ నిజాలే. చదువుతుంటే మనసు కరుగుతుంది కూడా. కానీ కష్టానికి జవాబు రాసే పేరా మా దగ్గర ఉండదు. "అర్జీదారుని విన్నపం సానుభూతితో పరిశీలించబడినది, అయినను నిబంధనలు అనుమతించవు" అన్న వాక్యం మా సెక్షన్‌లో అందరికీ కంఠతా వచ్చు. రెండు నిమిషాల్లో ఫైలు వెళ్లిపోతుంది.

కర్మన్‌ఘాట్‌లో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు ఉండేవారు. ఆయన అప్పీలు ఒకటే వాక్యం. "నా ప్లాటు రోడ్డుకు తూర్పున ఉన్నది, మీ రిపోర్టులో పడమర అని ఉన్నది." తీసి చూస్తే నిజమే. మా వాళ్లు ఎదుటి ప్లాటుకు వెళ్లి కొలిచి వచ్చారు. నలుగురం కూర్చున్నా ఆ వాక్యానికి జవాబు రాయలేకపోయాం. మాస్టారికి వారంలో పర్మిషన్ వెళ్లింది. మా తప్పు ఏ అక్షరంలో ఉందో వేలుపెట్టి చూపించేవాడే మమ్మల్ని ఓడిస్తాడు. ఈ సంగతి నేను అర్జీదారులెవరికీ చెప్పలేదు. చెప్పడం మా పని కాదనుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, చెబితే మా కొంపేం మునిగేది కాదు.

మా టేపు

మా సెక్షన్‌కి వంద అడుగుల టేపు ఒకటి ఉండేది. చంపాపేట్ రోడ్డు మీద కొలుస్తుండగా ఒకసారి షేర్ ఆటో చక్రం దాని కొస మీద నుంచి పోయింది. మొదటి అడుగు మేర నలిగి చిరిగిపోయింది. కొత్త టేపు కోసం స్టోర్స్‌కి రాశాం. రాలేదు. మళ్లీ రాశాం. కొలతల్లో టేపు లాగే మా చైన్‌మన్ యాదయ్య విసుగొచ్చి, ఆ చిరిగిన అడుగును కత్తిరించి పారేసి, కొస రింగును ఒకటో అడుగు గీత దగ్గర బిగించి తెచ్చాడు. అప్పటి నుంచి మా టేపు ఒకటితో మొదలయ్యేది. ఏది కొలిచినా వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేయాలి. 

దానికి మాకొక పద్ధతి ఉండేది. రోడ్డుకు ఇటువైపు రింగు మీద నేను బూటు పెట్టి నిలబడేవాణ్ని. యాదయ్య టేపు లాక్కుంటూ అటువైపు వెళ్లి, అంకె చదివి అరిచేవాడు. "ముప్పై ఒకటి సారూ, ఒకటి తియ్యి!" నేను ముప్పై అని పుస్తకంలో రాసుకునేవాణ్ని. పదేళ్లు అలాగే నడిచింది. యాదయ్యది సాహెబ్‌నగర్ దగ్గర ఊరు. ఈ లేఅవుట్లన్నీ జొన్న చేలుగా ఉన్నప్పుడు చూసినవాడు. ఏ గల్లీలో మురుగు ఎటు పారుతుందో, ఏ ప్రహరీ ఎన్ని అంగుళాలు ముందుకొచ్చిందో నోటికి చెప్పేవాడు. నా పనితనమని పైవాళ్లు మెచ్చుకున్నదాంట్లో సగం అతనిదే. ఈ మాట అతను ఉద్యోగంలో ఉన్నప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఉద్యమం రోజులు

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తాలో వారానికోసారి రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో "ఆంధ్రా మెస్" బోర్డుల్లో మొదటి మాట మీద రంగు పూసేసుకున్నారు. బళ్ల నంబరు ప్లేట్ల మీద అక్షరాలు మారాయి. మా ఆఫీసులో ఒకరోజు పెన్‌డౌన్, ఒకరోజు గేటు ముందు ధర్నా. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడు మాత్రం ఒక బల్ల రెండు బల్లలైంది. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలిసింది. యాదయ్యా నేనూ బయటికి వెళ్లినప్పుడు ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లం. అది ఎప్పుడు మానేశామో నాకు గుర్తులేదు. గొడవ పడి మానేసి ఉంటే గుర్తుండేది.

గుర్తున్న రోజు ఇంకొకటి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో రోడ్డు కొలుస్తున్నాం. యాదయ్య అలవాటు ప్రకారం "ఒకటి తియ్యి సారూ!" అని అరిచాడు. అక్కడ అరుగు మీద కూర్చున్న ఒకాయన నవ్వి, "ఆంధ్ర సారుకు జెప్పాల్నా, తీసుడు అలవాటేనాయె," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. యాదయ్య కూడా నవ్వాడు. మామూలు రోజుల్లో అయితే నేనూ నవ్వేవాణ్ని. నేను ఒక్క రూపాయి ముట్టినవాణ్ని కాదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. ఒళ్లు మండిపోయింది. జీపెక్కాక యాదయ్యతో కటువుగా అన్నాను.

"ఒకటి తియ్యి, ఒకటి తియ్యి అని నడివీధిలో అరవడం ఇక ఆపు. మన టేపు సంగతి ఊరంతా తెలియాలా?"

"సరే సారూ," అన్నాడు. మర్నాటి నుంచి అరవలేదు. అటువైపు నుంచి ఒక్క అంకె మాత్రం వినబడేది. నేను అందులోంచి ఒకటి తీసి రాసుకునేవాణ్ని. 

ఈశ్వరమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక ఒక పాత ఇంట్లో ఈశ్వరమ్మ అనే ఆవిడ ఆడపిల్లల హాస్టల్ నడిపేది. బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ చదువుకునే పిల్లలు. వండేది ఆవిడే, వడ్డించేది ఆవిడే. భర్త తాగుడుతో పోయాక పదకొండేళ్లుగా ఆ ఇంటి మీదే బతుకుతోంది. ఆ ఇంటి యజమాని దాన్ని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతానని, ఉగాది తర్వాత ఒక్కరోజు కూడా ఉండొద్దని చెప్పేశాడు. చంపాపేట్‌లో ఆవిడకు తల్లిగారిచ్చిన ప్లాటు ఉంది. అందులో హాస్టల్ కట్టుకుంటానని మాకు అర్జీ పెట్టుకుంది. హాస్టల్‌కి ముందు రోడ్డు నలభై అడుగులు ఉండాలన్నది అప్పటి రూలు. లేఅవుట్ కాగితంలో నలభై అనే ఉంది.

నేనూ యాదయ్యా వెళ్లాం. ప్లాటు ముందొకసారి, రోడ్డుకు ఆ చివరా ఈ చివరా ఒక్కోసారి, మూడుచోట్ల కొలిచాం. మూడుచోట్లా ముప్పై తొమ్మిది వచ్చింది. నాకు అనుమానం రాలేదు. కాగితం మీద నలభై ఉన్న రోడ్డు నేల మీద తగ్గడం మా వైపు వింతేం కాదు. మెట్లు ముందుకొస్తాయి, ప్రహరీలు ముందుకొస్తాయి. "రోడ్డు వెడల్పు ముప్పై తొమ్మిది అడుగులే ఉన్నందున తిరస్కరించవచ్చును" అని రాసి పైకి పంపాను. ఒక్క అడుగే కదా, చూసీచూడనట్టు పోవచ్చు కదా అని మీరు అనవచ్చు. ఆ రోజుల్లో నేను వదిలేస్తే ఏం పుచ్చుకున్నాడో అనేవారు. కాదంటే ఇక్కడివాళ్లంటే కడుపుమంట అనేవారు. దాంతో నేను అంకెను పట్టుకుని వేలాడాను. అంకెకు ప్రాంతం ఉండదు కదా అనుకున్నాను.

రిజెక్షన్ లెటర్ అందిన రోజు ఈశ్వరమ్మ ఆఫీసుకొచ్చింది. ఇల్లు కట్టే మేస్త్రి ఒకతను వెంట ఉన్నాడు. చేతిలో టేపు.

"ఏంది సారూ గిట్ల రాసినవ్? మా మేస్త్రి గొలిస్తే నలభై ఒచ్చింది. నీ టేపుకు ముప్పై తొమ్మిదెట్లయితది?"

"బయటి టేపులతో మాకు పనిలేదమ్మా. మేం కొలిచిందే లెక్క."

"నేనీడిదాన్ననే గదా నా కాయితం ఆపినవ్? మీ దిక్కోళ్లయితే ఆపుదువా?"

హాల్లో అందరూ మావైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నా మొహం మీద ఎవరూ అనని మాట. "మీ ఇష్టం వచ్చినచోట చెప్పుకోండమ్మా," అని ఫైలు మూసేశాను. రెండు రోజుల తర్వాత ఆవిడ బస్తీ వాళ్లు గేటు ముందు కూర్చుని నా పేరు పెట్టి నినాదాలిచ్చారు.

ఈ చోట కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆవిడ నా మీద వేసిన నింద అబద్ధం. నేను కడుపుమంటతో ఆపలేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆవిడ చెప్పిందంతా అబద్ధమే అనుకున్నాను. మేస్త్రి చేతిలో టేపు నా కళ్లెదుటే ఉంది. చేయి చాచి తీసుకుని చూసినా, మర్నాడు వెళ్లి ఇంకోసారి కొలిచినా అయిపోయేది. నింద తప్పని తెలిసినవాడికి తన లెక్క సరిచూసుకోవాలన్న బుద్ధి పుట్టదు. నాకు పుట్టలేదు. 

ఆ పైన సకల జనుల సమ్మె వచ్చింది. మా ఆఫీసులో సగానికి పైగా కుర్చీలు ఖాళీ. యాదయ్య కూడా సమ్మెలోనే, గేటు పక్క టెంటులో కూర్చునేవాడు. ముప్పై రోజుల గడువులో ఇంకా రెండు రోజులున్నాయనగా ఈశ్వరమ్మ అప్పీలు కాగితం పట్టుకుని వచ్చింది. హెడ్డాఫీసులో కాగితాలు తీసుకునే సెక్షనుకు తాళం వేసి ఉందట.

"గీ కాయితం ఎవలకియ్యాలె సారూ? గడువు దాటితే తీసుకోరంట."

నేను మొహం మాడ్చుకుని, "సమ్మె మీవాళ్లదే కదమ్మా, వాళ్లనే అడగండి," అన్నాను.

ఇరవై మాటల్లో చెప్పేయగల దారి ఒకటి నాకు తెలుసు. చెప్పలేదు. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది ఇదే. కొలతలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇది పొరపాటు కాదు.

ఆవిడ నిజంగానే టెంటు దగ్గరికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తున్నాను. యాదయ్య లేచి నిలబడి ఆవిడతో ఏదో చెప్పాడు, చెయ్యి రోడ్డు వైపు చూపించాడు. తర్వాత తెలిసింది. "పోస్టాఫీసుకు సమ్మె లేదక్కా, రిజిస్టర్ పోస్టు జెయ్యి, తారీఖు ముద్ర పడ్తది," అన్నాడట. ఆవిడ అప్పీలు గడువులోగానే పడింది.

మూడుచోట్లా

సమ్మె ముగిసింది. అప్పీలు రిమార్కుల కోసం మా సెక్షన్‌కి వచ్చింది. అప్పటికి మా పైఅధికారి నర్సింగరావు గారు. నల్లగొండ మనిషి. తక్కువ మాట్లాడేవారు, ఫైలు మాత్రం మొదటి కాగితం నుంచి చదివేవారు. అలాంటి బాసులు నాకు ఇద్దరే దొరికారు. నేను రాసిన రిమార్కులు చదివి నన్ను పిలిచారు.

"మూడు జాగల గొలిచిన్రు గదా. మూడు జాగలల్ల ముప్పై తొమ్మిదే ఎట్లొచ్చింది?"

"రోడ్డు అంతే ఉంది సార్. ఆక్రమణలు."

"ఆక్రమణయితే ఒకడు మూడంగుళాలు గుంజుతడు, ఇంకొకడు రెండడుగులు గుంజుతడు. అందరు గల్సి సరింగ అడుగు గుంజుతరా? రేపు పొద్దుగాల అందరం పోదాం. ఆమెను గూడ రమ్మనున్రి."

లెక్కలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే అనిపించింది. కానీ ఏమిటో అంతుపట్టలేదు. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను కూడా.

పొద్దున చంపాపేట్‌లో ఆవిడ ప్లాటు ముందు నిలబడ్డాం. నర్సింగరావు గారు, ఈశ్వరమ్మ, ఆవిడ మేస్త్రి ఇటువైపు. నేను రింగు మీద బూటు పెట్టాను. యాదయ్య టేపు లాక్కుంటూ అటువైపు వెళ్లి, ఒంగి చదివాడు.

"నలభై!"

"ముప్పై తొమ్మిది సార్," అన్నాను నర్సింగరావు గారితో.

ఆయన నా వైపు అదోలా చూశారు. "నలభై అన్నడు గదనయ్యా."

"మా టేపు కొస కోసి ఉంటుంది సార్. ఒకటి తీసేయాలి."

అటువైపు యాదయ్య ఒంగినవాడు లేచాడు. రోడ్డు మీద ఏదో బండి పోతే ఆగి, అది పోయాక గట్టిగా అన్నాడు. "నేను తీసే చెప్పిన సారూ."

నాకు అర్థం కాలేదు. టేపు చేతిలో పట్టుకునే రోడ్డు దాటి వచ్చాడు. నా ముందు నిలబడ్డాడు. ఏడాదిలో అంత దగ్గరగా నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి.

"నలభై ఒకటున్నది. ఒకటి తీసి నలభై అన్న. నువ్వు గూడ తీస్తున్నవా?"

"మొదట్నుంచీ నేనే కదా తీసేది!"

"ఆ దినం జీపుల అరవొద్దన్నవ్ గద సారూ. టేపు సంగతి జనానికి ఎరుక గావొద్దన్నవ్. గందుకే నేనే తీసి చెప్తున్న అప్పట్నుంచి."

"మరి నాకు చెప్పాలి కదా!"

"ఎప్పుడు చెప్పాలె?" అన్నాడు.

నిజమే, ఎప్పుడు చెప్పాలి? చాయ్ దగ్గర చెప్పాలి, చాయ్ లేదు. క్యారియర్ దగ్గర చెప్పాలి, బల్లలు వేరు. జీపులో నేను కిటికీలోంచి అటు చూస్తూ కూర్చునేవాణ్ని, అతను ఇటు చూస్తూ కూర్చునేవాడు. 

మేస్త్రి తన టేపు వేసి కొలిచాడు. నలభై అడుగుల రెండంగుళాలు. ఈశ్వరమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. జరిగింది ఆవిడకు అర్థమైంది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"మీరిద్దరు మాట్లాడుకోకుంటే నా రోడ్డు చిన్నగైతదా సారూ?" అంది.

రిమార్కులు

ఆఫీసుకొచ్చాక నర్సింగరావు గారు తలుపు వేయించి నన్ను కూర్చోమన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే చూశారు.

"కొలత తప్పని రాస్తే మీ ఇద్దరికి మెమోలొస్తయి. రోడ్డు ఒక జాగల ఇరుకున్నది, ఆడ గొలిచినమని రాయున్రి. ఎవలకూ ఇబ్బందుండదు."

"అలా రాస్తే ఆవిడ అప్పీలు పోతుంది కదా సార్. ఇరుకున్న చోటే లెక్క."

"పోతది. కొత్తగ అర్జీ పెట్టుకుంటది, మనం ఈసారి సరింగ గొలుస్తం."

కొత్త అర్జీ అంటే మళ్లీ మొదటి నుంచి. ఎంత తొందరపడినా ఉగాది దాటిపోతుంది. ఆవిడ పిల్లలు వేరే హాస్టళ్లకు వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు తిరిగి రారు. పదకొండేళ్ల పని అక్కడితో ఆగిపోతుంది. అదంతా నాకు తెలుసు. అయినా నేను వెంటనే కాదనలేదు. సాయంత్రం దాకా ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. నేనేదో ధర్మరాజునని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మేస్త్రి చూశాడు, ఆవిడ చూసింది, రేపు బయటపడితే ఇంకా పరువు పోతుందన్న భయం కూడా సగం ఉంది. మిగతా సగం ఆవిడ అడిగిన ప్రశ్న.

యాదయ్యను పిలిచాను. "నిజం రాసేస్తున్నాను. నీకు రిటైర్మెంట్ దగ్గర పడింది. నీ పేరు లేకుండా రాయనా?"

తల గోక్కున్నాడు. "వొద్దు. రాయి. నీ ఒక్కని పేరే ఉంటే కావాల్నని చేసినవంటరు."

ఇద్దరి పేర్లూ రాశాను. టేపు కోసిన సంగతి, ఒక్కొక్కరం ఒక్కో అడుగు తీసిన సంగతి, ఉన్నదున్నట్టు ఒక పేజీ. నా సర్వీసులో రాసిన వందల రిమార్కుల్లో "అర్జీదారు చెప్పినది సరైనది" అని రాసింది ఆ ఒక్కసారే. అప్పీలు నెగ్గింది. మాకు మెమోలొచ్చాయి, నా ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. పదిహేను రోజుల్లో కొత్త టేపు కూడా వచ్చింది.

ఉగాదికి ఈశ్వరమ్మ ప్లాటులో గోడలు లేచాయి గానీ స్లాబు పడలేదు. సగం మంది పిల్లలు వెళ్లిపోయారు. మిగిలిన వాళ్లను కర్మన్‌ఘాట్‌లో చెల్లెలి ఇంట్లో సర్ది, పొద్దున్నే ఆటోలో అన్నం గిన్నెలు తీసుకుని వెళ్లి వచ్చేది. దసరాకి కొత్త ఇంట్లో దిగింది. నన్నూ యాదయ్యనూ పిలిచింది. వెళ్లాం. ఇద్దరం ఒకే బండి మీద వెళ్లాం.

మిగతా పేజీలు

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ నేను జీపులో యాదయ్యను కసురుకున్న రోజుకూ, చంపాపేట్‌లో మళ్లీ కొలిచిన రోజుకూ మధ్య మేం కొలిచిన రోడ్డు ఆవిడదొక్కటే కాదు. ఆ ఆలోచన నాకు మెమో తీసుకున్న రోజున వచ్చింది. అంతకుముందు రావాల్సింది. రిజిస్టరు తీసి ఇద్దరం కూర్చున్నాం. చాలాచోట్ల ఒక అడుగు తగ్గినా పెరిగినా ఏమీ మారదు. ఒక్కచోట మారింది. కొత్తపేట వైపు ఒక ప్లాటు. కోచింగ్ సెంటర్ కోసం అర్జీ. ఒక అడుగు తక్కువని కాదన్నాను. అప్పీలు రాలేదు.

నర్సింగరావు గారిని అడిగాను. "అప్పీలు లేదు, గడువు దాటింది. ఆయన అడగనిది మనమెట్ల ఇస్తం?" అన్నారు. రూలు ప్రకారం ఆయన మాట కరెక్టే.

ఒక ఆదివారం ఆ అర్జీదారు ఇంటికి వెళ్లాను. వెంకటరత్నం గారని లెక్కల మాస్టారు. తెనాలి దగ్గర వాళ్లు. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో వేరేవాళ్ల కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెబుతున్నారు. సొంతంగా పెట్టుకోవాలని ఆ ప్లాటు కొన్నారు. నన్ను చూసి ఆదరంగా కూర్చోబెట్టారు, కాఫీ ఇప్పించారు. ప్లాటు అమ్మేశానని చెప్పారు. పర్మిషన్ రాని ప్లాటు ఉంచుకుని ఏం చేస్తానండీ అన్నారు. ఈ వయసులో ఇంకొకటి కొనే ఓపిక లేదని, పాత చోటే పాఠాలు చెప్పుకుంటున్నానని అన్నారు.

నేను జరిగిందంతా చెప్పాను. టేపు, యాదయ్య, ఈశ్వరమ్మ, ఏదీ దాచలేదు. కప్పు కింద పెట్టి విన్నారు. కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది.

"అప్పీలు చేద్దామని మా ఆవిడ అందండీ," అన్నారు. "నేనే వద్దన్నాను. కొలిచింది మనవాడు, ఈ గొడవల్లో కూడా ముక్కుసూటిగా ఉంటాడని పేరుంది, తప్పు రాయడులే అన్నాను."

ఆయనే అడిగారు. "అదే టేపు, అదే కొలత. మరి తప్పుందని ఈశ్వరమ్మ గారికెలా తెలిసిందండీ?"

"ఆవిడకి తెలియదండీ," అన్నాను. "నన్ను నమ్మలేదంతే."